మెట్ల మలుపు గది

పంటి డాక్టరు దగ్గరికి వెళ్తే మనల్ని వెల్లకిలా పడుకోబెట్టే కుర్చీ ఉంటుంది చూశారూ, అలాంటి కుర్చీలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. పై అంతస్తులో డిజైను గది, కింద వెల్డింగు షెడ్డు. రెంటినీ కలిపే మెట్లు సగం ఎక్కాక ఒక మలుపు తిరుగుతాయి. ఒకప్పుడు చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకునే ఆ మలుపులో మూడు వైపులా అద్దాలు బిగించి ఒక గది చేశారు. ఆ గదిలో కూర్చునే ఆవిడను కిందివాళ్ళు మెట్లక్క అనేవారు, పైవాళ్ళు మేడమ్ అనేవారు. ఆమె అసలు పేరుతో ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ పనిపడేది కాదు.

అద్దాల గది కదా, ఆవిడ ముక్కు చీదినా రెండు అంతస్తులకూ కనబడేది. తలుపు వేసుకుంటే ఏమైందోనని పైనుంచి ఒకరు దిగేవారు, కిందనుంచి ఒకరు ఎక్కేవారు. తీసి ఉంచితే సరేసరి, ఎవరి గోడు వాళ్ళది. మధ్యాహ్నం డబ్బా మూత తీసిందంటే చాలు, ఎక్కడ కనిపెట్టుకుని కూర్చునేవారో గాని, గుమ్మంలో ఎవరో ఒకరు ప్రత్యక్షమయ్యేవారు.

ఆమె చేరింది ఈ ఉద్యోగంలో కాదు. బొమ్మలు గీయడానికి చేరింది. కుర్చీ వీపు ఎంతవరకు వాలాలి, తల ఆనించే దిండు ఏ కోణంలో వంగాలి, నోరు తెరుచుకుని భయంతో బిగుసుకుపోయిన మనిషి వేళ్ళు పట్టుకోవడానికి చేతిపట్టీ ఎక్కడ అందాలి, ఇలాంటివన్నీ కాగితం మీద గీసి చూపించడం ఆమె పని. గీత గీస్తున్నప్పుడు పక్కన పిడుగు పడ్డా ఆమెకు తెలిసేది కాదు.

అలా ఉండగా కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులు తమ దేశం నుంచి డిజైనర్లను పంపారు. వెల్డింగుకు మనుషులు చాలక, సముద్రం అవతలి ఇంకో దేశం నుంచి జట్టుగా వెల్డర్లను రప్పించారు. డిజైనర్ల పెద్ద అవసరమైతే తప్ప నోరు విప్పడు, విప్పితే మాత్రం ఎదుటివాడి ముఖం మాడిపోవాల్సిందే. ఆయనకు మౌని అని పేరు పడింది. వెల్డర్ల పెద్దను అందరూ పెద్దన్న అనేవారు. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. పెద్దన్న భాషలో ‘మీరు’ అనే మాటే లేదు. కన్నతండ్రినైనా కంపెనీ యజమానినైనా నువ్వు అనే అంటారు. మౌని భాషలో అంత చనువు లేని మనిషిని నువ్వు అంటే చెంప ఛెళ్ళుమనిపించినట్టే లెక్క.

వచ్చిన కొత్తలోనే ఒకరోజు పెద్దన్న ఒక ఇనుప చట్రాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చి, దాన్ని మౌని బల్లమీద ధడాలున పడేశాడు. ఏదో అరిచాడు. మౌని తలెత్తకుండా రెండు ముక్కలు అన్నాడు. గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆమెకు తప్ప. చిన్నప్పుడు వాళ్ళింటి పైవాటాలో అద్దెకున్నది పెద్దన్న దేశం వాళ్ళే. ఆ పిల్లలతో ఆడుతూ, కొట్టుకుంటూ వాళ్ళ భాష ఆమెకు నోటికొచ్చేసింది. మౌని భాష డ్రాయింగు స్కూల్లో నేర్చుకుంది.

“ఈ బొమ్మ గీసినవాడు బతుకులో ఎప్పుడైనా ఇనుము ముట్టుకున్నాడా?” అని పెద్దన్న అన్నాడు.

“చెప్పింది చేయడం చేతకాకపోతే ఇంటికి పొమ్మనండి,” అని మౌని అన్నాడు.

ఆమె పెన్సిలు చెవిమీద పెట్టుకుని లేచింది. “ఒకసారి కిందికి వచ్చి ఇనుము ఎలా వంగుతోందో చూస్తారా అని అడుగుతున్నారండీ,” అంది మౌనితో. “ఎక్కడ కష్టమవుతోందో చెప్పు, కూర్చుని మాట్లాడదాం అంటున్నారన్నా,” అంది పెద్దన్నతో.

ఇద్దరూ చల్లబడ్డారు. మేనేజరు గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు. వారం తిరక్కుండా చీపుళ్ళ గదికి అద్దాలు వచ్చాయి. “కొన్నాళ్ళేనమ్మా, వీళ్ళు ఒకరికొకరు అలవాటయ్యేదాకా,” అన్నాడు మేనేజరు. ఆ కొన్నాళ్ళు పదకొండేళ్ళయింది.

వాళ్ళు ఒకరికొకరు అలవాటు కాలేదు, ఆమెకు అలవాటయ్యారు. డిజైను వాళ్ళకు షెడ్డుతో పని ఉంటే మెట్ల మలుపు దాకా వచ్చి ఆగిపోయేవారు. షెడ్డువాళ్ళూ అంతే. మోటార్లకు వైర్లు బిగించే ఆడవాళ్ళు, ఊళ్ళు తిరుగుతూ ఆర్డర్లు పట్టే అమ్మకాలవాళ్ళు, వాళ్ళూ మెల్లగా అదే దారి పట్టారు. అమ్మకాలవాళ్ళు “నెలాఖరుకల్లా ఇస్తారా చస్తారా” అని ఫోనులో అరిస్తే, “నెలాఖరుకు వీలవుతుందేమో చూడమంటున్నారు” అని కిందికి వెళ్ళేది ఆ మాట. వైర్ల ఆవిడ “ఆ వెల్డింగు వాళ్ళను చేతులు కడుక్కుని ముట్టుకోమను” అంటే, “మీ పని బాగుందట, కాస్త మసి తుడిచి ఇస్తే ఇంకా బాగుంటుందట” అని చేరేది. ఎవరు ఏ నిప్పు చేతికిచ్చినా ఆమె ఊది, చల్లార్చి, అవతలివాళ్ళ చేతిలో పెట్టేది. ఇందులో మోసం ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. పని జరుగుతోంది, కుర్చీలు లారీ ఎక్కుతున్నాయి, ఇంకేం కావాలి?

సెలవు పెడితే ఫోను. స్నానానికి వెళ్తే ఫోను. వాళ్ళ అక్కకు కడుపులో గడ్డ తీసిన రోజున ఆస్పత్రి వరండాలో నిలబడి ఒక బోల్టు గురించి రెండు భాషల్లో మాట్లాడుతుంటే, నర్సు కసిరి బయటికి పంపేసింది. అక్కను ఆపరేషన్ గదిలోంచి తెచ్చి “మీవాళ్ళెవరు?” అని పిలిచినప్పుడు ఆమె గేటు దగ్గర ఉంది. అక్క ఏమీ అనలేదు. బావగారు మాత్రం, “పెద్ద ఉద్యోగం కదమ్మా,” అన్నాడు. ఆ మాట చాన్నాళ్ళు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

డిజైను గదిలో పాత డ్రాయింగు మనిషి ఒకాయన రిటైరవుతున్నాడని తెలిసినప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. భర్త కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషి. ఆయన ఏమీ అడక్కుండానే వంటింటి కిటికీ పక్కనున్న బల్లమీది సామానంతా తీసేసి, దానికో మంచి దీపం బిగించాడు. ఆదివారాలన్నీ అక్కడ కూర్చుని ఆమె పిల్లల కుర్చీ ఒకటి గీసింది. పిల్లలు పంటి డాక్టరు కుర్చీలో కూర్చుంటే కాళ్ళు గాలిలో వేలాడతాయి, అందుకే ఇంకా బెదిరిపోతారు. కాలు ఆనుకోవడానికి పైకి జరిగే పలక ఒకటి పెడితే సగం ఏడుపు తగ్గుతుందని ఆమె ఆలోచన. గీసినవన్నీ చుట్టచుట్టి మేనేజరు దగ్గరికి పట్టుకెళ్ళింది.

“బొమ్మలు బ్రహ్మాండం,” అన్నాడు మేనేజరు. “కానీ నువ్వు అక్కణ్ణుంచి కదిలితే ఆ మెట్లు కూలిపోతాయమ్మా. సమన్వయాధికారి అని హోదా ఇస్తాను, జీతం పెంచుతాను. సరేనా?”

“జీతం గురించి కాదండీ. నాకు గీయాలనుంది.”

“గియ్యి తల్లీ, ఎవరొద్దన్నారు? ఖాళీ దొరికినప్పుడల్లా గియ్యి.”

పోనీ ఒకరి భాష ఇంకొకరికి నేర్పించి బయటపడదామనుకుంది. మేనేజరు సరేనన్నాడు. మొదటి రోజు అందరూ వచ్చారు. పైవాళ్ళు కిటికీ వైపు, కిందివాళ్ళు గోడ వైపు కూర్చుని ఆమె ముఖమే చూశారు. రెండోసారికి కుర్చీలన్నీ ఖాళీ. “నువ్వుండగా ఈ వయసులో నాకెందుకక్కా అక్షరాలు?” అన్నాడు పెద్దన్న. “ఎంత నేర్చుకున్నా మీ అంత బాగా రాదు కదా,” అన్నాడు మౌని. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పొగడ్త అది. వింటుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

రిటైరైన డ్రాయింగు మనిషి స్థానంలోకి మౌని దేశం నుంచి కొత్త మనిషి ఒకాయన వచ్చాడు. ఆమె గీసిన పిల్లల కుర్చీ అందరికీ నచ్చింది. నచ్చింది కాబట్టి దాన్ని సరిదిద్ది పూర్తిచేసే పని ఆ కొత్తాయనకు ఇచ్చారు. ఆయన గీతలు పట్టుకుని కిందికి దిగి పెద్దన్నకు వివరించే పని ఆమెకు పడింది. కాలిపలక ఆయన కాస్త పలచన చేశాడు. వద్దని చెప్పాలనిపించింది. చెప్పడం ఆమె పని కాదు, చేరవేయడం ఆమె పని.

పరీక్షకు పెట్టినప్పుడు ఆ పలక కీలు దగ్గర విరిగింది. రేకూ పలచనే, అతుకూ పొట్టిదే. తప్పు పైవాళ్ళదీ, కిందివాళ్ళదీ. మేనేజరు ఊళ్ళో లేడు. మౌనీ పెద్దన్నా వాళ్ళ వాళ్ళతో సహా పై గదిలో బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. మధ్యలో ఆమె నిలబడింది. విరిగిన పలక బల్లమీద ఉంది.

“ఇంత నాసిపని నేనెక్కడా చూడలేదు,” అన్నాడు మౌని. “చేతకాదని ఒప్పుకుంటే వేరేవాళ్ళకు ఇచ్చుకుంటాను.”

ఇలాంటప్పుడు ఆమె నాలుక చివర మెత్తని మాట ఒకటి సిద్ధంగా ఉండేది. ఆ రోజు వెతికితే దొరకలేదు. కోపం కూడా కాదది. చెయ్యెత్తలేనంత అలసట. అన్నది అన్నట్టే చెప్పేసింది.

పెద్దన్న మౌని వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు. “ఏమన్నావ్?”

“ఆయన అన్నదే అన్నాను.”

“ఆయనెప్పుడూ ఇలా అనడే!”

“ఎప్పుడూ ఇలాగే అంటాడన్నా.”

పెద్దన్న బల్లమీద రెండు చేతులూ ఆనించి కాసేపు ఆలోచించాడు. “అయితే నేనన్నవి? అవైనా ఆయనకు చేరాయా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఏమంటున్నాడు?” అని మౌని అడిగాడు. అదీ ఉన్నదున్నట్టే చెప్పింది. “ఇన్నాళ్ళూ మీరన్న మాటలు ఆయనకూ, ఆయనన్న మాటలు మీకూ నేను చెప్పలేదని ఆయనకు తెలిసింది.”

మౌని ముఖం కందగడ్డయింది. “మరి నేనేమన్నానని చెప్పారు?”

ఒకరు ఒక భాషలో, ఇంకొకరు ఇంకో భాషలో, ఇద్దరూ కలిసి ఆమెను కడిగిపారేశారు. విచిత్రమేమిటంటే ఒకరి భాష ఒకరికి రాకపోయినా, ఒకరు ఆగగానే ఇంకొకరు అందుకున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్క మాటమీద నిలబడటం అదే మొదలు. మేనేజరు తిరిగొచ్చాక ఇద్దరూ భుజం భుజం కలిపి, సైగలతోనే, ఆయన గదికి వెళ్ళి ఫిర్యాదు చేశారు.

మేనేజరు ఆమెను పిలిపించాడు. ఉద్యోగం ఊడుతుందనుకుంది. ఊడితే బాగుండునని లోలోపల చిన్న ఆశ కూడా కలిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు. “ఆ ఇద్దర్నీ ఒకే గుమ్మంలోంచి నా గదిలోకి నడిపించావు చూడూ, అదమ్మా నీ గొప్పతనం! నిన్నెలా వదులుకుంటాను?” అని సమన్వయాధికారి కాగితం చేతిలో పెట్టాడు.

కింద షెడ్డులో మాత్రం ఆ రోజు నుంచి అక్కా అనేవాళ్ళు లేరు. మేడమ్ అన్నారు. ఆమెతో పనిలేకుండా చూసుకుందామని వెల్డర్లు ఒక భాష మాటను ఇంకో భాషలోకి మార్చి పలికే యంత్రం ఒకటి ఫోనులో పెట్టుకున్నారు. అది పెద్దన్న “కీలు బిగిసింది, నూనె కావాలి” అన్నదాన్ని “మీ మోకాలికి మర్దన చేస్తాను” అని మౌనికి వినిపించింది. మౌని ఆ పూట మోకాళ్ళు బల్లకిందికి ముడుచుకుని కూర్చున్నాడు. చివరికి ఎవరి యంత్రం వాళ్ళు జేబులో పెట్టేసుకుని మళ్ళీ మెట్ల మలుపుకే వచ్చారు.

అయితే ఇప్పుడు లెక్క వేరు. ఆమె ఏది చెప్పినా, “అసలు మాటేనా?” అని అడిగేవారు. అసలు మాటే. చేతకానివాడు, కళ్ళులేనివాడు, మొండివాడు, అన్నీ ఆమె నోటిగుండానే అటూ ఇటూ పోయేవి. తిట్టేవాడికీ తిట్లు తినేవాడికీ మధ్య ఆ మాట రెండుసార్లు ఆమె చెవిన పడేది, ఒకసారి ఆమె నోట పలికేది. సాయంత్రానికి నోరంతా చేదుగా ఉండేది. ఇంటికెళ్ళి భర్తతో కూడా మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఒకరోజు ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “నాకైనా అసలు మాట చెప్తున్నావా, నన్నూ సర్దేస్తున్నావా?” అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. ఆమెకు నవ్వు రాలేదు.

కొన్నాళ్ళకు, పని ఆగిన వేళ షెడ్డులో మంటలన్నీ ఆరిపోయి చల్లబడ్డాక, పెద్దన్న మెట్లెక్కి ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు. తోలు చేతి తొడుగులు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎన్నడూ లేనిది, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“ఒక్క సంగతి అడుగుతాను. మా అమ్మ పోయినప్పుడు పైనున్న ఆయన నీతో నాకో మాట పంపాడు. గుర్తుందా?”

ఆమెకు గుర్తుంది. సెలవు అడగడానికి ఆమే పైకి వెళ్ళింది. మౌని కాగితంలోంచి తల ఎత్తకుండా, “ఎన్నాళ్ళు? ఈలోపు పని ఎవరు చూస్తారు?” అన్నాడు. అంతే అన్నాడు. దిగి వస్తూ, ఇదే మలుపులో ఆగి, ఊపిరి పీల్చుకుని, ఆమె ఇంకో మాట తయారుచేసుకుంది.

“‘నీ చేతుల్లో అంత నిదానం ఉందంటే, నిన్ను పెంచిన చేతులు ఎలాంటివో నాకు తెలుస్తూనే ఉంది’ అన్నాడని చెప్పావు,” అన్నాడు పెద్దన్న. “ఆ మాట మా ఊళ్ళో మా తమ్ముళ్ళకు చెప్పాను. మా నాన్నకు చెప్పాను. అది ఆయన మాటేనా?”

ఆ విరిగిన పలక రోజు నుంచి అసలు మాట తప్ప ఇంకోటి చెప్పని మనిషి ఆమె. పెద్దన్న చేతుల వైపు చూసింది. తొడుగులు లేకుండా అవి ఎంతో తెల్లగా, మెత్తగా ఉన్నాయి.

“ఆయన మాటేనన్నా.”

పెద్దన్న తల ఊపాడు. రెండుసార్లు ఊపాడు. “అయితే పద, పైకి.”

“ఎందుకు?”

“నేనెప్పుడూ ఆయనకు దాని గురించి ఒక్క ముక్క అనలేదు. అనాలి. ఇన్ని తిట్టుకున్నాం, ఇది మాత్రం మిగిలిపోయింది.”

“ఇప్పుడెందుకన్నా, ఆయన పనిలో ఉంటారు…”

ఆయన అప్పటికే మెట్లెక్కుతున్నాడు. ఆమె వెనకాలే ఎక్కింది.

మౌని ఒక్కడే ఉన్నాడు. పెద్దన్న బల్ల ముందు నిలబడి తను చెప్పదలచుకున్నదంతా చెప్పాడు. అమ్మ పోవడం, ఆ మాట, నాన్న ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని వినడం. “నువ్వు మంచివాడివని అప్పుడే అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను,” అని ముగించాడు. ఆమె ఒక్క అక్షరం పొల్లుపోకుండా మౌని భాషలో చెప్పింది. ‘నువ్వు’ను కూడా మార్చలేదు.

మౌని పెన్సిలు కింద పెట్టాడు. ఆమె ముఖంలోకి చూశాడు, చాలాసేపు. తర్వాత మెల్లగా అడిగాడు. “అది నేనన్న మాట కాదు కదా?”

“కాదండీ.”

“ఆయనకు తెలుసా?”

“తెలియదు.”

“ఏమంటున్నాడు?” అన్నాడు పెద్దన్న.

“నువ్వు గుర్తుంచుకున్నందుకు సంతోషం అంటున్నారు,” అంది ఆమె.

మౌని లేచి నిలబడి చెయ్యి చాచాడు. పెద్దన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి, ఇంకేమీ అనకుండా దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు టీ వేళకు మౌని మెట్లు దిగి అద్దాల గదిలోకి వచ్చాడు. పదకొండేళ్ళలో ఆయన ఆ గదిలో కాలు పెట్టడం అదే మొదలు. రెండో కుర్చీ లేదు. కాగితాల పెట్టెమీద కూర్చున్నాడు.

“ఇంకా ఏమేం అన్నాను నేను, ఇన్నేళ్ళూ?”

ఆమె గుర్తున్నంతవరకు చెప్పింది. వెల్డరు ఒకడికి కూతురు పుడితే ఆయన పంపిన దీవెన. ఎండ మండిపోతున్నప్పుడు కిందివాళ్ళు ఎలా ఉన్నారని పదేపదే అడగడం. ఫలానా అతుకు చూసి ముచ్చటపడటం. ఆయన ఎవరో పరాయివాడి కథ వింటున్నట్టు విన్నాడు. ఒకచోట నవ్వాడు కూడా.

“ఆ మనిషి నాకన్నా చాలా నయం,” అన్నాడు.

“కింద అందరికీ ఆయనంటే ఇష్టమండీ.”

మౌని చల్లారిన టీ తాగేసి లేచాడు. “నేనూ ప్రయత్నిస్తాను. కానీ నాకు అలాంటి మాటలు రావు. అందుకని మీరిక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు.” తమాషాగానే అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన మెట్లెక్కి కనుమరుగయ్యాక ఆ నవ్వును ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

ఆ తర్వాత మౌని అప్పుడప్పుడూ షెడ్డులోకి దిగేవాడు. దిగిన ప్రతిసారీ, “మేడమ్, కాస్త రండి, నేను ఏదైనా మంచిమాట అనాలి,” అని పిలిచేవాడు. పిల్లల కుర్చీకి పలక మందం చేశారు, అతుకు పొడుగు చేశారు. అది మార్కెట్లోకి వెళ్ళింది. బాగా అమ్ముడవుతోందని అమ్మకాలవాళ్ళు ఫోనులో చెప్తే, ఆ శుభవార్త ఆమే పైకీ కిందికీ మోసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. భర్త కూరగాయలు తరుగుతున్నాడు.

“ఏమంటున్నారు మీ ఆఫీసువాళ్ళు?” అన్నాడు అలవాటుగా.

అంతా బాగానే ఉంది అనబోయింది. ఆగింది.

“నాకిక ఆ డ్రాయింగు పని రాదు,” అంది. “ఎప్పటికీ రాదు. అక్కడే ఉండిపోతాను.”

ఆయన కత్తి పక్కన పెట్టాడు. పర్వాలేదని అనలేదు, ఇంకేదైనా చూద్దామనీ అనలేదు. చేతులు తుడుచుకుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి పక్కింటివాళ్ళ కుళాయి చప్పుడు వినబడుతోంది.

సంచిలో ఫోను మోగింది. ఆమె తియ్యలేదు. ఆగి, మళ్ళీ మోగింది. తీసి చూస్తే పెద్దన్న.

“చెప్పన్నా,” అంది ఆమె.